నిలుపుదల వద్దన్న ఊరు

సోమవారం పొద్దున్నే సీమలపేట బడి ముందు హరిబాబు ట్రాక్టరు ఆగింది. ఇద్దరు మనుషులు బెంచీలు తెచ్చి ట్రక్కులో పడేస్తున్నారు. ఇంకో ఇద్దరు బెల్లం డబ్బాలు లోపలికి మోస్తున్నారు. నల్లబల్ల మీద శుక్రవారం రాసిన ఏడో ఎక్కం అలాగే ఉంది. దానికి ఆనించి డబ్బాలు పేరుస్తున్నారు.

చెరకు కత్తి పట్టుకుని పనికి పోతున్న పరదేశి అది చూసి ఆగిపోయాడు. అతని కూతురు చిన్నారి మూడో తరగతి. పుస్తకాల సంచితో వచ్చిన ఆ పిల్లని డబ్బా మోస్తున్నవాడు మోచేత్తో పక్కకి నెట్టి, ఇది బడి కాదు గోడౌను, ఇంటికి పొమ్మన్నాడు.

రోడ్డు పక్కన టీచరు రేవతి చోడవరం బస్సు కోసం నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర రెండు బ్యాగులు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. ఏమైందని పరదేశి అడిగితే చెప్పింది. శనివారం ఆర్డరు వచ్చిందట. ఊరి బడి ఎత్తేసి, పిల్లల్ని మూడు కిలోమీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీది బడిలో కలిపేశారట. ఆమె కాంట్రాక్టు అక్కడితో సరి.

"గ్రాంటు వస్తే ఉండిపోదును. మీ ఊరే కదా వద్దని రాసిచ్చింది," అంది.

పరదేశికి ఆ మాట తలకెక్కలేదు. తలకెక్కింది మెయిన్ రోడ్డు ఒక్కటే. సీజనులో ఆ రోడ్డు మీద చెరకు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఆ దారిన ఎనిమిదేళ్ళ పిల్లని ఎవరు పంపుతారు? మానిపిస్తారు. తనని ఐదో తరగతిలో మానిపించి చేతికి కత్తి ఇచ్చారు. ముప్పై ఏళ్ళ నుంచి అదే కత్తి.

అప్పుడే హరిబాబు బండి మీద వచ్చాడు. ఇరవై ఎకరాల చెరకు, సర్కారు పనుల కాంట్రాక్టు, మండలాఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టే పరపతి ఉన్న మనిషి. బడిని ఎవరిని అడిగి గోడౌను చేశావని పరదేశి నిలదీస్తే, నవ్వి ఫోను తీసి ఒక కాగితం ఫోటో చూపించాడు.

"ఇది ఎవుడి దస్తూరీరా పరదేశీ?"

పరదేశి దస్తూరీయే. 'మా బడికి ఉపాధ్యాయుల నిలుపుదల వద్దు. ఇది తల్లిదండ్రుల కమిటీ తీర్మానం.' కింద ముప్పై ఒక్క వేలిముద్రలు.

ఆ కాగితం కథ రెండు నెలల కిందటిది. ఇలాంటి ఊళ్ళలో టీచర్లు ఉండరు, నాలుగు నెలలకే బదిలీ చేయించుకుని పోతారు. అలా పోకుండా గది అద్దె, పై జీతం ఇచ్చి నిలబెట్టడానికి సర్కారు ఒక గ్రాంటు పెట్టింది. 'ఉపాధ్యాయుల నిలుపుదల నిధి, కమిటీ తన సమ్మతి తెలుపవలెను' అని ఊరికి కాగితం పంపింది. కమిటీకి పెద్ద పరదేశి, కూడబలుక్కుని చదవగలడు కాబట్టి. చదివాడు. నిలుపుదల అనే మాట అతను బడిలో నేర్చుకోలేదు, ఆఫీసు గోడల మీద నేర్చుకున్నాడు. తల్లి పింఛను నిలుపుదల. రేషను నిలుపుదల. ఉపాధి పనులు నిలుపుదల. ఆ మాట ఊళ్ళోకి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి ఆగిపోయింది. ఇప్పుడు టీచరమ్మ వంతు అనుకున్నాడు.

ఆ వారం రేవతి ట్రైనింగుకి పోయింది. ఆఫీసులు తెలిసిన మనిషని పరదేశి ఆ కాగితం హరిబాబుకి చూపించాడు. హరిబాబు కాగితం తిరగేసి, నువ్వు అనుకున్నదే కరెక్టు, వెంటనే వద్దని రాసి పారేయండని సలహా ఇచ్చాడు. తీర్మానం తానే మండలాఫీసుకి పట్టుకుపోయాడు.

టీచరు పోతే బడి ఎత్తేస్తారని, ఖాళీ బిల్డింగు తనకి గోడౌనుగా దొరుకుతుందనే హరిబాబు ఆ సలహా ఇచ్చాడని ఇన్నాళ్ళకి పరదేశికి అర్థమైంది.

ఆ మధ్యాహ్నమే ముప్పై మంది బస్సెక్కి చోడవరం పోయారు. మండలాఫీసులో అధికారి మర్యాదగానే మాట్లాడాడు. మీరే వద్దన్నారు, మీరే వేలిముద్రలు వేశారు, గడువు దాటిపోయింది, ఖాళీ బిల్డింగు అద్దెకిచ్చాం అన్నాడు. ఆ మాటకి మేం వేరే అర్థం అనుకున్నాం బాబూ అని పరదేశి చెప్పబోతే, ఈసారి చదువుకున్నవాళ్ళ చేత చదివించుకోమన్నాడు. పక్క బల్లల దగ్గర గుమాస్తాలు నవ్వారు. ఆ నవ్వు బస్సులో ఇంటిదాకా వెంట వచ్చింది.

మర్నాడు హరిబాబు పొలంలోనే, అన్నం వేళకి గట్టు మీద మీటింగు జరిగింది. చెరకు కొట్టే ముఠా అంతా ఉంది. మొదట అందరూ పరదేశి మీద పడ్డారు. పెద్ద చదువరిలా చదివి ఊరిని ముంచావన్నారు. అతను తల వంచుకునే అన్నాడు.

"నానే సేసేను. కొట్టాలనుంటే కొట్టండి."

ముఠాలో అందరికన్నా పెద్దది సన్యాసమ్మ. గిన్నె కడుగుతూ మాట అందుకుంది.

"నిన్ను కొడితే బడొచ్చేత్తాదేటిరా? పింఛను ఆపినా నిలుపుదలే, టీచర్ని ఉంచినా నిలుపుదలే. మనకి అర్థం కాకూడదనే ఆ బాస. సరే, నీకు తెల్దు, నాకు తెల్దు. ఆ హరిబాబుకి తెలుసు కదా? ఆడి మీదకి ఎల్లరేటి? నీ మీదకైతే తేలిగ్గా వచ్చేస్తన్నారు."

కొందరు నవ్వారు. దిలీప్ అనే కుర్ర కూలీ లెక్క విప్పాడు. ఫ్యాక్టరీ వాళ్ళు హరిబాబుకి కటింగ్ ఆర్డరు ఇచ్చింది ఈ వారానికే. వారం దాటితే మళ్ళీ వంతు ఎప్పుడో. అంతవరకూ చెరకు నిలువునా ఎండుతుంది. బడి ఇచ్చేదాకా ఒక్క చెరకు గెడ కూడా కొట్టొద్దన్నాడు. రోలుగుంట నుంచి వేరే ముఠాని దింపుతాడని ఒకరు, పోలీసుల్ని తెస్తాడని ఇంకొకరు భయపడ్డారు. రెండూ తెస్తాడు, తెలిసే దిగుదామంది సన్యాసమ్మ. కత్తులు భుజాన వేసుకుని అందరూ పొలంలోంచి బయటికి వచ్చేశారు.

ఆ సాయంత్రమే బెల్లం డబ్బాలు బయటికి వచ్చాయి. ఒక్కటి సొట్ట పడకుండా రోడ్డు పక్కన వరసగా పేర్చారు. హరిబాబు కళ్ళం నుంచి బెంచీలు తలల మీద మోసుకొచ్చారు. చోడవరంలో చుట్టాలింట ఉన్న రేవతిని మర్నాడు పొద్దున్నే పోయి తీసుకొచ్చారు. ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగింది. తన మీద కేసు పెడితే జన్మలో ఉద్యోగం రాదంది.

"నీ మీద పడాలంటే ముందు మా మీంచి ఎల్లాల టీచరమ్మా," అంది సన్యాసమ్మ. "లోపలికెల్లు. గుంటలు పలకలట్టుకుని కూకున్నారు."

మూడు రోజులు బడి నడిచింది. మూడు రోజులు పొలంలో కత్తి చప్పుడు లేదు. కూలీలుండే పేట వీధికి మాత్రమే కరెంటు పోయింది. కిరాణా కొట్లో అరువు లేదన్నారు. ఒక పోలీసు జీపు రోజుకి రెండుసార్లు వచ్చి, బడి ముందు కాసేపు ఆగి, ఎవరినీ ఏమీ అడక్కుండా పోయేది. అడిగినా బాగుండుననిపించేది పరదేశికి. చిన్నారి జీపు చప్పుడు వినగానే పలక కింద పెట్టేది.

నాలుగో రోజు జీపు పోలేదు. ఎస్సై దిగాడు. వెనకే హరిబాబు, ఆ వెనక రోలుగుంట ముఠాతో ఒక లారీ. ఎస్సై పరదేశిని పిలిచి కేసు చదివాడు. ఊరికి గ్రాంటు రాకుండా దొంగ తీర్మానం రాసి, ముప్పై ఒక్కమంది అమాయకుల చేత వేలిముద్రలు వేయించి మోసం చేశాడట. ఫిర్యాదు ఇచ్చింది హరిబాబు. ఊరి మేలు కోరిన పౌరుడిగా.

పరదేశికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తను చేసిన తప్పు నిజం. దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూడగానే అతని తల లేచింది. వారం రోజుల్లో అదే మొదటిసారి. జీపెక్కాడు.

సన్యాసమ్మ జీపు తలుపు పట్టుకుంది.

"అమాయకులెవులు బాబూ? నా ఏలు నానే ఎట్టేను, మా టీచరమ్మ ఉండాలని ఎట్టేను. అది మోసమైతే నన్నూ ఎక్కించు."

ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. వేలిముద్ర వేసినవాళ్ళంతా ఎక్కుతామని వచ్చారు. జీపులో చోటు ఎంత? ఎస్సై తోసేయమన్నాడు. కానిస్టేబుళ్ళు తోశారు. తోసినవాళ్ళు తోసినచోటే, జీపు ముందు రోడ్డు మీద కూర్చున్నారు.

హరిబాబు లారీ వైపు తిరిగి, పొలంలోకి నడవండి, పొద్దెక్కిపోతోందని కేకేశాడు. ముఠా మేస్త్రి రామ్మూర్తి దిగాడు. పొలం వైపు పోకుండా సన్యాసమ్మ దగ్గరికి వచ్చి, గొడవేటని అడిగాడు. ఆమె చెప్పింది. అతను బడి వైపు తిరిగాడు.

"మా ఊరి బడి పోయినేడే పోయింది," అన్నాడు. "మేం ఏ కాయితం మీద ఏలెట్టేమో ఇప్పటికీ తెల్దు."

కత్తి రోడ్డు మీద పెట్టి సన్యాసమ్మ పక్కన కూర్చున్నాడు. లారీలోంచి ఒక్కొక్కరే దిగారు. ఇరవై కత్తులు తారు మీద వరసగా పడ్డాయి. అడ్వాన్సు తిన్నారు కదరా అని హరిబాబు అరిచాడు.

ఎస్సై పక్కకి పోయి ఫోనులో చిన్నగా మాట్లాడాడు. అరగంటకి చోడవరం వైపు నుంచి దుమ్ము లేచింది. రెండు వ్యాన్లు. కిటికీలకి ఇనప వలలు. జీపులోంచి పరదేశికి అందరికన్నా ముందు కనపడ్డాయి. లేచి పొమ్మని అరుద్దామనుకున్నాడు. బడిలో ఏడో ఎక్కం చెప్తున్న రేవతి గొంతు పెంచింది, పిల్లలు ఇంకా పెద్దగా అందుకున్నారు. పరదేశి నోరు మూసుకున్నాడు.

వ్యాన్లు వచ్చి ఆగాయి. తలుపులు తెరుచుకున్నాయి. రోడ్డు మీద ఒక్కరూ లేవలేదు.