మిగలబోయే గంట

వాకిట్లో కుళాయి దగ్గర కొరమీనుని బూడిదలో దొర్లించి రుద్దుతోంది సల్మా. ఎంత రుద్దినా చేతిలోంచి జారిపోతోంది, పాడు చేప! ఆదివారమైనా కాసేపు కాళ్లు చాపుకుని కూర్చోవాలని పొద్దున్నే అనుకుంది. అనుకోవడమే మిగిలింది. రోజూ తెనాలి బడికి పాసింజర్లో పోయి రావడం ఒకెత్తు, ఈ ఇల్లు ఒకెత్తు. ఆ పాసింజరు రైలు కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర ఆగిపోతే అందరూ కునుకు తీస్తారు. తను మాత్రం సంచీ విప్పి రాత్రి కూరకి చిక్కుడుకాయలు వలుచుకుంటుంది.

వరండాలో ఆమె భర్త హుమాయూన్, కొత్త రైలు సర్వేకొచ్చిన ఉషశ్రీ అనే అమ్మాయితో మాంచి హుషారుగా మాట్లాడుతున్నాడు.

"హైదరాబాద్ నుంచి చెన్నై దాకా హైస్పీడ్ రైలండీ. దేశమంతా ఇలాంటి లైన్లు వేస్తే వ్యాపారాలు పెరుగుతాయట."

"వేసెయ్యమనండి! ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ షాపు నాది. పొద్దున్నే చెన్నై వెళ్లి సరుకు మాట్లాడుకుని, మధ్యాహ్నానికి కౌంటర్లో ఉంటా."

"మీ ఇంట్లో రోజూ రైలెక్కేవాళ్లున్నారా అండీ?"

"మా ఆవిడే. తెనాలిలో టీచరు."

ఆ పిల్ల సల్మా వైపు తిరిగింది. "మేడం, ఈ రైలొచ్చి మీకు రోజూ ఒక గంట మిగిలిందనుకోండి, దేనికి వాడతారు?"

సల్మా నోరు తెరిచేలోపే జవాబొచ్చేసింది. "నా క్యారియర్‌కండీ! హోటల్ తిండితో కడుపు పాడైపోతోంది," అన్నాడు హుమాయూన్. "నా మోకాళ్లకి నూనె రాయించుకుందామంటే కోడలు దొరికితేగా! ఆ గంట నాకు రాయమ్మా," అని లోపల్నించి అత్త జైతూన్ బీ. టీవీ ముందునించి కూతురు ఇల్మా, "అమ్మీ, నాకు లెక్కలు చెప్పాలి!"

ఓరి వీళ్లిల్లు బంగారంగానూ! పట్టాలే పడలేదు, అప్పుడే పంపకాలైపోయాయి. గ్రైండర్ కొన్నప్పుడూ ఇంతే. "రోటి పని తప్పిందిగా, ఇంక రోజూ దోసెలే," అన్నాడాయన. వాషింగ్ మెషీన్ రాగానే, "చాకలికెందుకు, దుప్పట్లు కూడా నువ్వే వేసెయ్," అంది అత్త. ఏది వచ్చినా తనకి మిగిలింది లేదు. నీకేం కావాలే సల్మా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు ఇన్నేళ్లలో. సల్మాకి ఒళ్లు మండిపోయింది.

"కానీ సార్," నసిగింది ఉషశ్రీ, "అంత స్పీడు బండి తెనాలిలో ఆగదేమోనండీ."

"ఆగదా?" హుమాయూన్ మొహం వేలాడేశాడు.

"అయ్యో, మరి నా మోకాళ్లో!" అంది అత్త.

పోయింది సల్మా గంట, ఏడుపు వీళ్లది! ఆమెకి నవ్వొచ్చింది. చేప అక్కడే వదిలేసి చేతులు కడుక్కుంది. వరండా ఎక్కి, మొగుడి పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"ఇందాక నన్నడిగావు కదమ్మా. ఆ గంటలో నేనేమీ చెయ్యను. ఊరికే కూర్చుంటాను."

"ఊరికేనా మేడం?"

"ఊరికే. రైలొచ్చేదాకా ఆగలేను. ఇదిగో, ఇవాళే."

అన్నదే గానీ, కాళ్లు ఒకచోట ఉంటేగా! పొయ్యి మీద అన్నం ఏమైందో, చింతపండు నానేశానో లేదో అని ప్రాణం కొట్టుకుపోతోంది. లేచి లోపలికెళ్లిపోతానేమోనని భయమేసి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

ప్రహరీ మీంచి పిల్లి దూకింది, తిన్నగా కుళాయి దగ్గరికి.

"సల్మా! పిల్లి! చేప!" కుర్చీలోంచే కేకేశాడు హుమాయూన్.

"చూశానండీ," అంది సల్మా, కదలకుండా. "మీరు ఖాళీగానే ఉన్నారుగా, లేవండి."