నిండుకుంది

కొత్తకోటలో లారీల హోరు ఆగే పొద్దంటూ ఉండదు. ఆ హోరు మధ్యే, హైవే పక్క మేడగదిలో కూర్చుని, సుమన రోజంతా ఆకాశంతో కుస్తీ పడుతుంది. చిలీ దేశంలో, గాలిలో తేమ కూడా కరువైన ఒక కొండ మీద టెలిస్కోపు ఉంది. విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరిన వెలుగు ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ వస్తూనే ఉంది. ఆ వెలుగు ఏ వాలున ఊగుతోందో, అంటే దాని ధ్రువణం ఎంతో, ఆ టెలిస్కోపు కొలుస్తుంది. అందులో సన్నటి సుడి కనిపిస్తే విశ్వం తొలి క్షణాల గుట్టు దొరికినట్టే. చిక్కేమిటంటే, మన పాలపుంతలోని దుమ్ము కూడా అచ్చం అలాంటి సుడినే చూపించి ఊరిస్తుంది. ఆ దుమ్మును లెక్కగట్టి తీసేయడం సుమన పని. సొంతూరు వీపనగండ్లలో నెట్టు సరిగా రాదని ఇక్కడ గది తీసుకుంది. పలకరించేది కింద ఉండే ఇంటావిడ భాగ్యమ్మ ఒక్కతే.

ఇంకొకడున్నాడు, ఫోన్లో. వినయ్. హైదరాబాదులో ఇద్దరూ కలిసి చదివారు, పెళ్లి మాటా అనుకున్నారు. ఇప్పుడతను ఆ కొండ మీద టెలిస్కోపును కనిపెట్టుకుని ఉంటున్నాడు. "సుడి నిజమని తేలితే ఇంకో ఏడాది ఇక్కడే ఉండాలి. దుమ్మే అయితే వచ్చేస్తాను, పెళ్లి చేసుకుందాం" అన్నాడు. పెళ్లిని పాలపుంతకు ముడిపెట్టిన పెళ్లికొడుకును ఎక్కడైనా చూశామా? సుమన మాత్రం సరేనంది.

ఆ సాయంత్రం లెక్క తేలింది. దుమ్ము తీసేశాక సుడి ఊసే లేదు. అంతమంది కష్టం దుమ్ములో కలిసిందని ఏడవాల్సింది పోయి, ఆమెకు ఒళ్లు తెలియని సంతోషం కలిగింది. వెంటనే సిగ్గూ వేసింది. 'ఏమీ లేదు' అని రాయబోయి ఆగింది. వాళ్లింట్లో ఉప్పు అయిపోయినా, బియ్యం అయిపోయినా 'లేదు' అనరు, 'నిండుకుంది' అంటారు. లేదన్న మాట ఇంటికి మంచిది కాదట. అందుకే "దుమ్ము తీసేసిన. సుడి నిండుకుంది" అని పంపింది.

వినయ్ పుట్టింది తెలుగింట్లోనే గానీ పెరిగింది ఢిల్లీలో. జవాబు రెక్కలు కట్టుకుని వచ్చింది. "నిండుగా ఉందా! నాకు ముందే తెలుసు! పొడిగింపు కాగితం సిద్ధంగానే ఉంది, ఇంకో ఏడాదికి సంతకం పెట్టేశా!"

సుమన ఆగమాగంగా ఫోన్ చేసింది.

"ఏంది వినయ్ నువ్వు! నిండుకుందంటే ఒడిసిందని. మా దిక్కు గట్లనే అంటరు. సుడి లేదు, గిడి లేదు. అంత దుమ్మే."

అవతల కొండగాలి చప్పుడులోంచి వినయ్ గట్టిగా అడిగాడు.

"మొత్తం దుమ్మేనా?"

"మొత్తం. ఆ సంతకం వాపస్ తీసుకో. ఇగ వచ్చెయ్."

"అయితే మన కొలత చాల్లేదన్నమాట." వినయ్ గొంతులో మళ్లీ అదే హుషారు. "ఇంకా సన్నగా కొలవాలి సుమనా. సంతకం పెట్టడమే మంచిదైంది. ఇంకో ఏడాది చూద్దాం, ఏమంటావ్?"

తప్పంతా ఒక్క మాటలో ఉందనుకుని, దాన్ని దిద్దడానికి పరుగెత్తింది పిచ్చిది. సుడి ఉన్నా అతను అక్కడ ఉండేవాడే, లేకున్నా ఉండేవాడే. ఇన్నాళ్లూ తమ ఇద్దరికీ ఆకాశం అడ్డమనుకుని ఓర్చుకుంది. ఏదీ అడ్డం లేదని తెలిసేసరికి ఆ చిన్న గదిలో ఆమెకు ఊపిరాడలేదు.

"సుమనా, వింటున్నావా?"

"ఇంటున్న. నువ్వు ఉండు వినయ్, నీకు మంచిగుంటది," అంది. "నేనైతే ఇగ నీ కోసం ఎదురుచూడ."