వ్యోమగామి టోపీ

మరునాడు బడిలో వేషాల పోటీ. మనవరాలు వ్యోమగామి వేషం వేస్తానని పట్టుబట్టింది. జాకెట్లు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చిన అమ్మమ్మకు అదో లెక్కా? చిరిగిన తెల్ల దుప్పటితో అంగీ కుట్టేసింది. ఖాళీ నూనె డబ్బాలు రెంటిని వీపుకు తగిలించేలా పట్టీలు పెట్టింది. ఇక మిగిలింది టోపీ. దానికోసం కిరాణా కొట్టతను పారేయబోతుంటే పెద్ద బిస్కెట్ల డబ్బా అడిగి తెచ్చింది. ప్లాస్టిక్కే అయినా అద్దంలా ఉంది. ముఖం దగ్గర కిటికీలా కోసి, మూతి వెడల్పు చేయాలి. కత్తెర దిగాలంటే ముందు చిల్లు పడాలి.

"దాన్ని ముట్టుకోకే చిట్టీ, ఊచ కాల్చుకొస్తా," అని వంటింట్లోకి వెళ్లింది.

ఊచ ఎర్రబడుతుండగా ముందుగదిలోంచి కేక వినబడింది. బావిలోంచి అరిచినట్టుంది.

పరుగున వచ్చి చూస్తే పిల్ల తల డబ్బాలో ఉంది. మూతి చెవులు దాటి గడ్డం కింద బిగుసుకుపోయింది. లాగితే చెవులు అడ్డం. నూనె రాస్తే చేతులే జారాయి. లోపలంతా ఆవిరి పట్టి ముఖం మసకబారుతోంది. పెదాలు కదులుతున్నాయి కానీ మాట వినబడడం లేదు.

అమ్మమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. కత్తెర మొన నున్నటి ప్లాస్టిక్ మీద జారి ఆమె వేల్లోనే దిగింది. సాయం పిలుద్దామంటే పక్కింటికి తాళం. ఇక దిక్కు పొయ్యి మీది ఊచే.

దాన్ని చూడగానే పిల్ల గింజుకుంది.

"స్టాచ్యూ!" గట్టిగా అరిచింది అమ్మమ్మ. రోజూ ఇద్దరూ ఆడుకునే ఆటే. "కదిలావంటే ఔటే!"

పిల్ల కొయ్యబారిపోయింది. నడినెత్తికీ డబ్బా అడుగుకూ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది. అక్కడ ఊచ ఆనించింది. ప్లాస్టిక్ చుయ్‌మంటూ కరిగింది. పొగకు పిల్ల దగ్గింది, తల ఊగింది. అమ్మమ్మ చటుక్కున ఊచ వెనక్కి లాగింది. చిల్లు పడింది! అందులో కత్తెర దూర్చి వెనకవైపుగా మెడదాకా కోసుకొచ్చింది. మందపాటి అంచు దగ్గర కత్తెర మొరాయిస్తే రెండు చేతులతో పట్టి చీల్చేసింది.

పిల్ల ఒక్కసారిగా గాలి పీల్చుకుని బావురుమంది. ఆ ఏడుపు విన్నాకే అమ్మమ్మ నేలమీద కూలబడింది.

సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చీ రాగానే అమ్మమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"కాలుతున్న ఊచ దాని తలమీద పెట్టావా అమ్మా?"

"ఊపిరాడట్లేదే దానికి. నాకింకేం తోచలేదు."

కూతురు పిల్ల చెవి మీది గీరుడు చూసింది. తర్వాత తల్లి వేలికి గుడ్డ కట్టబోయింది. ముడి మూడుసార్లు జారింది.

పొద్దున్నే కూతురే అట్టతో, ముఖమంతా తెరిచి ఉండేలా టోపీ చేసింది. అమ్మమ్మ కత్తెర ముట్టలేదు. టోపీ పెడుతున్నంతసేపూ పిల్ల ముక్కు కింద వేలు పెట్టి, ఊపిరి వెచ్చగా తగులుతోందో లేదో చూస్తూనే ఉంది.

"చక్కిలిగింతలు పుడుతున్నాయి అమ్మమ్మా!" అంది పిల్ల.

అయినా ఆమె వేలు తీయలేదు.