ట్యాపెట్ల చప్పుడు

సల్మాబాద్‌లో ముఖ్తార్ కావాలంటే ఏ ముఖ్తార్ అని ఎదురడుగుతారు. నాల్నూట యాభై ముఖ్తార్ అన్నారంటే మాత్రం టీ కొట్టు మలబారీ కూడా లేచి వచ్చి దారి చూపిస్తాడు. కోరుట్ల నుంచి ఈ అరబ్బు ద్వీపానికి వచ్చి ఇరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషికి ఇంటిపేరు ఎటో పోయి ఒక అంకె మిగిలింది. అది జీతం కాదు, రూము నంబరూ కాదు, ఒక కారు ఇంజను బలం.

ఆ కారు షెవర్లే వాళ్ల షెవెల్, డెబ్బయ్యో సంవత్సరం మోడలు. ముఖ్తార్ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, హాజీ అబ్దుల్ రసూల్‌ది. రిఫైనరీలో పనిచేసి స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక అమెరికా ఇంజనీరు దాన్ని హాజీకి అమ్ముతూ, "ఇది నాలుగు వందల యాభై గుర్రాల బండి, జాగ్రత్త" అన్నాడట. హాజీ ఆ మాట ముఖ్తార్‌కు చెప్పాడు. ముఖ్తార్ లోకానికంతా చెప్పాడు. క్యాంపులో చెప్పాడు, విమానంలో పక్క సీటువాడికి చెప్పాడు, సెలవు మీద పోయినప్పుడు కోరుట్ల బస్టాండులో నిలబడి చెప్పాడు. పిల్లనిచ్చిన మామకైతే పెళ్లి పందిట్లోనే చెప్పాడు. పాపం, ఆయనకు గుర్రాలంటే టాంగా గుర్రాలే తెలుసు.

మొదటిసారి విన్నప్పుడు నమ్మనివాడు ఒక్కడే, ముత్తన్న. ధర్మపురి పక్క పల్లె నుంచి వచ్చి సల్మాబాద్ గ్యారేజీలో ఇంజన్లు విప్పి బిగించే పనిలో కుదిరిన మనిషి. వేళ్ల మీద కాసేపు లెక్కవేసి నోరు తెరిచాడు.

"మా బాయి కాడి మోటరు అయిదు హెచ్‌పీ. అంటే గిది తొంభై మోటర్లా, భాయ్? మా ఊర్ల బాయిలన్నీ కలిపినా గన్ని మోటర్లు లెవ్వు. గీ బండిని ఊరికి కొంటవోయి కట్టేస్తే చెరువు ఒక్క పూటల ఎండుతది."

ఆనాటి నుంచి ఇద్దరికీ దోస్తీ కుదిరింది.

ఇప్పుడు తొంభై ఆరో సంవత్సరం. హాజీకి షుగరు వచ్చి చూపు మందగించింది, మందగించి మందగించి చివరికి వెలుతురూ చీకటీ మాత్రమే మిగిలాయి. నువైద్రాత్‌లోని హాజీ ఇంటి ఆవరణలో, రేకుల షెడ్డు కింద కారు ఉంటుంది. రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే హాజీ తడుముకుంటూ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. ముఖ్తార్ పక్కన కూర్చుని, చెయ్యి చాచి తాళం తిప్పుతాడు. ఇంజను కాసేపు నడుస్తుంది. కారు అంగుళం కదలదు. కానీ హాజీ గేర్లు మారుస్తూనే ఉంటాడు, ముఖ్తార్ పక్కనుంచి చెబుతూనే ఉంటాడు. "ఇప్పుడు సిత్రా వంతెన దాటాం హాజీ. జల్లాఖ్ రోడ్డు వచ్చింది, ఖాళీగా ఉంది, తొక్కండి." అలా ఇద్దరూ ద్వీపమంతా చుట్టి పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు ఇంటికి వచ్చేస్తారు.

చూసినవాళ్లకు ఇది పిచ్చిగా కనిపించవచ్చు. కనిపించనీ. ఆ కార్లో ముఖ్తార్‌కు దాచుకున్నవి చాలా ఉన్నాయి. మట్టి తవ్వే కూలీగా దిగిన కుర్రాణ్ణి పిలిచి, చేతి మీద చెయ్యి వేసి హాజీ గేర్లు నేర్పింది ఆ సీట్లోనే. తండ్రి లేని తనను పెంచిన అన్న రౌషన్ పోయాడని టెలిగ్రాము వచ్చిన రోజున పాస్‌పోర్టు ఎక్కడో ఆఫీసులో ఉంది, పోవడానికి వీల్లేదు. హాజీ అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి, ఇంజను ఆపకుండా, పొద్దుగూకేదాకా అలాగే ఉన్నాడు. ఇంజను టిక్కుటిక్కు చప్పుడు వింటూ ముఖ్తార్ తనివితీరా ఏడ్చాడు. ఈ దేశంలో అతను ఏడ్చింది ఆ ఒక్కసారే.

హాజీ పెద్ద కొడుకు జాసిమ్ చెడ్డవాడేమీ కాదు. తమ్ముడి పెళ్లి కుదిరింది, షెడ్డున్న చోట రెండు గదులు వెయ్యాలి. అంతలో జుఫైర్ నేవీ క్యాంపులో పనిచేసే వాల్టర్ అనే అమెరికా అతను ఈ కారు సంగతి విని వచ్చాడు. నాలుగు వందల యాభై గుర్రాల అసలు ఇంజనే అయితే ఓడ మీద తన ఊరికి తీసుకెళ్తానన్నాడు, కాకపోతే వద్దన్నాడు. జాసిమ్ తండ్రి దగ్గర కూర్చుని మర్యాదగానే చెప్పాడు.

"బాబా, అది ఆ పెద్ద ఇంజనైతే పంపించేద్దాం, దాని విలువ తెలిసినవాడి దగ్గర ఉంటుంది. మామూలుదైతే వాడికీ వద్దు, మనమూ కదిలించొద్దు. గదులు వెనక వైపు వేసుకుంటాను. సరేనా?"

హాజీ సరేనన్నాడు. కొడుకు మాటకు ఎదురు చెప్పే వయసు ఆయనకు దాటిపోయింది. ముఖ్తార్ కారు బయటికి తీస్తుంటే మాత్రం వచ్చి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

నువైద్రాత్ నుంచి సల్మాబాద్ దాకా ముఖ్తార్ బుర్రలో ఒకటే గొడవ. ఇన్నేళ్లు నెత్తిన పెట్టుకుని ఊరేగిన అంకె ఇవాళ తేలిపోతుంది. నాల్నూట యాభై అని తేలితే తన మాట నిలబడుతుంది, కారు పోతుంది. కాదని తేలితే కారు ఉంటుంది, తన పరువు గంగలో కలుస్తుంది. ఏది కావాలని దువా చేయాలో అతనికి తెలియలేదు. చివరికి అల్లాకే వదిలేసి గ్యారేజీ ముందు కారు ఆపాడు.

వాల్టర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. మంచి మనిషిలాగే కనిపించాడు. కారును చూసి చిన్నపిల్లాడిలా నవ్వి, చుట్టూ తిరిగి, తలుపు అంచును వేలితో నిమిరాడు. చంకలో ఒక లావుపాటి పుస్తకం ఉంది. ముఖ్తార్‌కు వచ్చిన గ్యారేజీ ఇంగ్లీషుకు అందేలా నిదానంగా విడమరిచి చెప్పాడు.

ఆ ఏడాది ఈ కారులోకి పెద్ద సైజు ఇంజను రెండు రకాలుగా వచ్చిందట. బయటి నుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ నాలుగు వందల యాభై నాలుగు క్యూబిక్ అంగుళాలే. ఒకదాని బలం మూడు వందల అరవై గుర్రాలు, రెండోదానిది నాలుగు వందల యాభై. ఆ రెండో రకం ఇంజన్లు నాలుగు వేల నాలుగు వందల డెబ్బయి అయిదు తయారయ్యాయని పుస్తకంలో ఉంది. అందులో ఎన్ని గుద్దుకుని పోయాయో, ఎన్ని తుప్పు పట్టి పోయాయో ఎవరికీ తెలియదు.

"మా నాన్నకు ఉండేది. నా కాలేజీ కోసం అమ్మేశాడు. అలాంటిది ఒకటి ఆయన ఇంటి ముందు నిలబెట్టాలని నా కోరిక" అన్నాడు వాల్టర్.

అది విన్నాక ముఖ్తార్‌కు వాల్టర్ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

ముత్తన్న బానెట్ ఎత్తాడు. వాల్టర్ టార్చి వేసి, ఇంజను ముందు భాగంలో నంబరు ఉండాల్సిన చోటు గుడ్డతో తుడిచాడు. నున్నగా ఉంది. ఎనభై ఏడులో ఇంజను దించినప్పుడు, పైభాగం వంకర పోయిందని లేత్ షాపులో గీయించారు. ఆ గీతలో నంబరు పోయింది. అది గీయించింది ముత్తన్నే. ఆ నంబరుకు ఒక విలువ ఉంటుందని సల్మాబాద్‌లో ఎవరికి తెలుసు? పైగా చక్కగా వచ్చిందని హాజీ అప్పుడు అందరికీ హల్వా పంచాడు.

"హెడ్లు?" అన్నాడు వాల్టర్.

"వేడికి పగిలినయ్ సార్. దమ్మామ్ స్క్రాప్ నుంచి వేరేవి తెచ్చి ఏసినం." ముత్తన్న చెప్పింది ముఖ్తార్ ఇంగ్లీషు చేశాడు.

"కార్బొరేటర్?"

"గది మూడుసార్లు మారింది."

వాల్టర్ నిట్టూర్చి పుస్తకం మూశాడు. ఇంజను మొత్తం విప్పి చూసే వ్యవధి అతనికి లేదు, బదిలీ వచ్చేసింది, వారంలో వెళ్లిపోవాలి. కాసేపు ఆలోచించి ముఖ్తార్ వైపు తిరిగాడు.

"మొదటి నుంచీ దీన్ని నడిపింది నువ్వే కదా. ఇప్పుడు ఇందులో వాల్వుల్ని ఎత్తే ట్యాపెట్లు ఆయిలుతో వాటంతటవే సర్దుకునే రకం, చప్పుడు లేదు. ఇంజను దించకముందు ఎలా ఉండేది? కుట్టుమిషనులా టిక్కుటిక్కుమనేదా? ట్యాపెట్ల సందు మీరు చేత్తో సరిచేసేవాళ్లా? మూడు వందల అరవైదానికి ఆ పని ఉండదు. నాలుగు వందల యాభైదానికే ఉంటుంది. నీ మాట చాలు, నేను నమ్ముతాను."

ముఖ్తార్ గుండె గంతు వేసింది.

టిక్కుటిక్కుమనేదా అని అడుగుతున్నాడు! రెండు నెలలకోసారి శుక్రవారం జుమ్మా కాగానే ముత్తన్న నువైద్రాత్ వచ్చేవాడు. షెడ్డు కింద చాప పరిచేవారు. హాజీ కుర్చీ వేసుకుని గహ్వా కాఫీ తాగుతూ చెవి ఇటు పెట్టేవాడు. ముత్తన్న సందు కొలిచే ఫీలర్ గేజి పలచటి రేకులు ఒక్కొక్కటీ సందులో దూర్చి, లాగి, బిగించి, మళ్లీ దూర్చేవాడు. ఎంత సరిచేసినా హాజీకి తృప్తి ఉండేది కాదు. "ఆరోదానికి దాహం వేస్తోంది" అనేవాడు. చూస్తే నిజంగానే ఆరోది వదులుగా ఉండేది. మధ్యాహ్నం మచ్‌బూస్ అన్నం ఒకే పళ్లెంలో పెట్టుకుని ముగ్గురూ తినేవారు. ఆ చప్పుడు ఊరి చివరి మలుపు దగ్గర వినిపించగానే ఇంట్లో పిల్లలు బాబా వచ్చాడని పరుగెత్తుకొచ్చేవారు.

అంటే నిజమే. ఆ ఇంజనీరు అబద్ధం చెప్పలేదు, హాజీ అబద్ధం చెప్పలేదు, తను ఇన్నేళ్లు కోతలు కోయలేదు. నాలుగు వేల చిల్లరలో ఒకటి నిజంగానే వచ్చి ఆ రేకుల షెడ్డు కింద ఉంది. అమెరికావాడి నోటితో, పుస్తకం సాక్షిగా తేలిపోయింది. అవునని ఒక్క మాట అంటే చాలు.

గ్యారేజీలో పెయింటింగు చేసే కోరుట్ల కిషన్, కరెంటు పని చూసే ముబషిర్ పనులు ఆపి దగ్గరికి వచ్చారు. నాల్నూట యాభై ముఖ్తార్ ఏం చెబుతాడో అందరికీ వినాలని ఉంది.

ముఖ్తార్ కారు లోపలికి చూశాడు. డ్రైవరు సీటు తోలు మీద హాజీ కూర్చునే చోట గుంట పడి ఉంది.

"లేదు సార్" అన్నాడు. "ఎన్నడూ చప్పుడు చెయ్యలేదు. ట్యాపెట్లు ఎన్నడూ ముట్టుకోలేదు."

వాల్టర్ ముత్తన్న వైపు చూశాడు. ముత్తన్న ముఖ్తార్ వైపు చూశాడు. అతని చొక్కా జేబులో ఫీలర్ గేజి అంచు బయటికి కనిపిస్తూనే ఉంది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఆ గుడ్డనే జేబుకు అడ్డంగా పెట్టుకున్నాడు.

"నై సాబ్, కభీ నై" అన్నాడు.

వాల్టర్ ముఖం వాడిపోయింది. అయినా ఇద్దరికీ చెయ్యి కలిపి, కారును ఇంకోసారి చూసుకుని వెళ్లిపోయాడు. అతని తండ్రి ఇంటి ముందు ఖాళీ స్థలం ముఖ్తార్ కళ్లకు కట్టింది. ఆ మనిషికీ, జాసిమ్‌కూ తను చేసింది అన్యాయమేనని తెలుసు. తెలిసే చేశాడు.

వాల్టర్ ఎక్కిన టాక్సీ మలుపు తిరిగిందో లేదో కిషన్ పగలబడి నవ్వాడు.

"అరె భాయ్, ఇన్నేండ్ల సంది నాల్నూట యాభై, నాల్నూట యాభై అని మా చెవుల పొంటి రక్తం గార్చినవ్. మున్నూట అరవైయేనా? ఇగ నిన్ను మున్నూట అరవై ముఖ్తార్ అనాల్నా?"

"వచ్చే నెల నువ్వు ఊరికి పోతున్నవ్ గదా. బస్టాండుల గూడ చెప్పు" అన్నాడు ముఖ్తార్. నవ్వడానికి ప్రయత్నించాడు, మీసం దాకా వచ్చి ఆగిపోయింది.

"చెప్పకుంటె ఊకుంటనా!" అన్నాడు కిషన్. ఊరుకోడు. కోరుట్ల మొత్తానికి తెలుస్తుంది, మామకు కూడా తెలుస్తుంది. అది ముఖ్తార్‌కు ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకోలేదంటే అబద్ధం.

కారు ఎక్కుతుంటే ముత్తన్న కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు.

"తొంభై మోటర్లు, భాయ్" అన్నాడు మెల్లగా. "నా చేతులకు ఎర్కే."

ముఖ్తార్ తలుపు మీద ఉన్న ముత్తన్న చేతిని ఒకసారి నొక్కి వదిలాడు.

నువైద్రాత్ చేరేసరికి అసర్ అయింది. హాజీ షెడ్డు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఖాళీ షెడ్డులో ఆ ముసలాయన అలా ఒక్కడే కూర్చుని ఉండటం చూసి ముఖ్తార్ కారును గబగబా షెడ్డు దాకా తెచ్చాడు. కారు ఆపి, చెయ్యి పట్టి తీసుకొచ్చి ఆయన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" హాజీ అరబ్బీలో అడిగాడు.

"వద్దన్నాడు, హాజీ."

"ఎందుకు?"

"చిన్న ఇంజనట. మూడు వందల అరవైదట."

"అని ఎవరు చెప్పారు?"

ముఖ్తార్ తల దించుకున్నాడు. "నేనే చెప్పాను. ట్యాపెట్ల చప్పుడు ఉండేదా అని అడిగాడు. ఎన్నడూ లేదన్నాను."

హాజీ చూపు లేని కళ్లతో ముందరి అద్దం వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆయన చెయ్యి గేరు రాడ్డు కోసం తడుముకుంది. గేరు రాడ్డు మీద ముఖ్తార్ చెయ్యి ఉంది. హాజీ తన చెయ్యి దాని మీద వేశాడు, వెనకటికి నేర్పినప్పుడు వేసినట్టే.

"యల్లా, పద" అన్నాడు.

ముఖ్తార్ వంగి రెండో చేత్తో తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ఆయిలు ట్యాపెట్ల ఇంజను, మెత్తగా, చప్పుడు లేకుండా నడుస్తోంది. ఆ మెత్తదనంలోంచి సన్నగా ఒక చప్పుడు మొదలైంది. టిక్, టిక్, టిక్, టిక్. ముఖ్తార్ ఉలిక్కిపడి బానెట్ వైపు చూశాడు. తర్వాత పక్కకు చూశాడు. హాజీ అంగిట్లో నాలుక ఆడిస్తున్నాడు. సరిగ్గా అదే వేగం, అదే వరస.

హాజీ కాసేపు అలా వాయించి, ఆగి, చెవి ఒక పక్కకు వంచాడు.

"ఆరోదానికి దాహం వేస్తోంది, ముఖ్తార్" అన్నాడు. "శుక్రవారం ముత్తన్నను రమ్మను."