కూలి ఇస్తానన్న కబురు

పొద్దున పది దాటింది. దారివైపు ఎవరి అలికిడీ లేదు. వెన్లా పొయ్యి మీది బఠాణీ సూపును మరోసారి కలిపింది. ఊరంతటికీ సరిపోయే గిన్నె అది. పక్కన కాఫీ కాగి కాగి చేదెక్కుతోంది.

పాత పశువుల కొట్టానికి కప్పు వేయడానికి ఆమె తల్కో పిలిచింది. అంటే, ఊళ్లోవాళ్లంతా వచ్చి ఊరికే చేసిపెట్టే పని. కప్పు పడితే అక్కడ సరస్సు చేపలకు పొగబెట్టి అమ్ముతుంది. చదువు ఈ వసంతంతో అయిపోతోంది. ఇది కుదరకపోతే సోమవారంలోగా పట్నంలోని బీమా ఆఫీసుకు ఉద్యోగానికి వస్తానని చెప్పేయాలి.

"ఎవరికీ నామీద నమ్మకం లేదు నాన్నా."

టార్మో తల ఎత్తకుండా బూట్లకు నూనె రాస్తున్నాడు. ఈ వ్యాపారం సంగతి విన్నప్పటి నుంచి మంచో చెడో ఒక్క మాట అనలేదు ఆయన.

"వ్యాపారం మునిగిపోతే నలుగురూ నవ్వుతారనేగా నీ భయం? అదైనా చెప్పొచ్చుగా!" అంది వెన్లా.

"కబురేమని పెట్టావు?" అన్నాడు చివరికి.

ఫోను చూపించింది. వచ్చినవాళ్లకు గంట లెక్కన కూలి ఇస్తానని ఉంది. ఉట్టినే అడగడానికి మొహం చెల్లక రాసిన ముక్క. కాలేజీలోనూ అదే నేర్పారు, ఎవరి శ్రమా ఉచితం కాదని.

"పోయినేడు మన కారు మంచులో దిగబడితే లాగినోళ్లు వీళ్లు. కూలోళ్లనుకున్నావా?"

వెన్లా చెవులు వేడెక్కాయి. కోటు తగిలించుకుని పక్కింటికి పరుగెత్తింది.

రౌహా తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. "నాకు పింఛనొస్తుంది పిల్లా. నీ కూలి నాకెందుకు?"

"తప్పయింది అత్తా. ఊరికే వచ్చి సాయం చేయమని అడగడానికొచ్చా."

"వ్యాపారం మునిగితే?"

"మునగొచ్చు."

"సాయం కావాలన్న ముక్క ముందే ఏడవొచ్చుగా! మా ఆయన పొద్దుట్నుంచి నిచ్చెన ట్రాక్టరుకి కట్టుకుని మీ ఇంటికి పోదామని నా ప్రాణం తీస్తున్నాడు. పో, మిగతా ఇళ్లకీ నువ్వే పోయి అడుగు. ఫోన్లో కాదు."

గుమ్మం గుమ్మం తిరిగింది. కొందరు వచ్చారు. కొందరు మొహం తిప్పుకున్నారు. చీకటి పడేసరికి సగం కప్పే పడింది. మిగతాది వచ్చే శనివారమని వాళ్లలో వాళ్లే అనుకున్నారు, ఆమెను అడగనైనా అడగలేదు.

అందరూ వెళ్లాక, ఉద్యోగానికి రావడం లేదని ఆఫీసుకు రాసి పంపేసింది.