సభకు భోజనం

ఇత్తోకి కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడబుద్ధీ కావడం లేదు. మసీదు ముందు పరిచిన తెల్లగుడ్డ చుట్టూ ఊరంతా చేరింది. నీళ్ళ ఆఫీసు అమ్మాయి దాని మీద వాగును నీలిరంగుతో గీసి, ఒడ్డునున్న ఇళ్ళూ కొట్లూ గుర్తుపెట్టి, మురికి ఎక్కడ కలుస్తోందో అక్కడ రాళ్ళు పెట్టండి, ఏం చెయ్యాలో కూడా మీరే తేల్చండి అంది. అంతే, రాళ్ళన్నీ యామ్నా ఇంటి దగ్గరే పడుతున్నాయి.

యామ్నా ఉన్నికి రంగులద్దుతుంది. మొగుడు పోయాక ఆ రంగు తొట్లే ఆమెకు ఆధారం.

"వాగు నల్లగా పారుతోందంటే రంగు కాక మరేంటి?" అన్నాడు కసాయి మొహా, ఇంకో రాయి పెడుతూ.

"నేను నలుపు అద్ది ఏడాదైంది అన్నా. చూడు, చేతులు ఎర్రగా లేవూ?"

"నలుపు కడుక్కుని వచ్చుంటావులే!"

అందరూ నవ్వారు. ఇత్తోకి ఒళ్ళు మండిపోయింది. ఆ నలుపు ఎక్కడిదో ఆమెకు తెలుసు. ఆలివ్ గానుగ ఆమె మొగుడు హద్దుదే. నూనె తీయగా మిగిలే నల్లనీళ్ళు గుంటలో పడి ఎండాలి. ఈసారి కాపు విరగకాసి గుంట నిండిపోయింది. వాన మొదలవగానే హద్దు ఆ గుంట గట్టు తెంపాడు, వరదలో ఎవరికీ తెలియదనుకున్నాడు. వాన కాసేపట్లోనే ఆగిపోయింది. గానుగ ఆగలేదు, గండీ పూడలేదు.

ఎదురుగా కూర్చున్న హద్దు నోరు మెదపకు అన్నట్టు చూస్తున్నాడు. గానుగ మూతపడితే పిల్లలకు రొట్టె ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇత్తో కొంగు అంచు నులిమి నులిమి దారాలు పీకేసింది.

ఆ ఊళ్ళో తప్పు చేసినవాళ్ళు నోటితో ఒప్పుకోరు. సభకంతటికీ భోజనం పెడతారు. ఊరు తింటే క్షమించినట్టు, చెడింది అందరూ కలిసి బాగుచేస్తారు. తినకపోతే ఆ ఇంటి గడప ఇక ఎవరూ తొక్కరు.

"సరే, తొట్లు తీసెయ్యాల్సిందే," అన్నాడు ఊరిపెద్ద లహ్సెన్. "ఫాతిహా ప్రార్థన చదివి ఖాయం చేద్దాం."

అరచేతులన్నీ పైకి లేచాయి. చదివారంటే ఇక తిరుగుండదు. యామ్నా చేతులు మాత్రం ఒళ్ళోనే ఉండిపోయాయి.

"చేతులు దించండి బాబాయ్!" ఇత్తో లేచి నిలబడింది. "ఇవాళ సభకు భోజనం మా ఇంట్లో."

"ఏమే, మతి పోయిందా?" అన్నాడు హద్దు.

"మతి కాదు, మన గానుగ గుంట గట్టు పోయింది. అది చూడు ముందు."

హద్దు తల దించుకున్నాడు. లహ్సెన్ అతని వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ దాచారు. రొట్టెలో మొదటి ముక్క యామ్నా తుంచితేనే మేం తింటాం."

యామ్నా తన ఎర్రటి చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కళ్ళు తుడుచుకుంది.

"నీ వంటలో ఎప్పుడూ ఉప్పెక్కువే వదినా," అంది లేస్తూ. "పద, ఇవాళ ఉప్పు నేను వేస్తా."

ఇత్తోకి ఏడుపు ఆగలేదు. జనం లేచి గానుగ దారి పట్టారు. హద్దు పార కోసం ముందే పరిగెత్తాడు.

మొహా ఒక్కడే గుడ్డ దగ్గర తచ్చాడుతూ ఉండిపోయాడు. చివరికి యామ్నా ఇంటి దగ్గర పెట్టిన తన రాళ్ళు ఏరుకుని, గుడ్డ మీదే తన కొట్టు వెనక, తను పేగులూ నెత్తురూ వాగులో పారబోసే మలుపులో పెట్టాడు.

"మాంసం నేను తెస్తా బాబాయ్," అని కేక వేశాడు. "భోజనంలో సగం నాదని చెప్పండి!"