కాళ్లకు నీళ్లు

పవర్ హౌస్ స్టేషన్లో వైజాగు బండి ఆగిందంటే తులసమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని లాడ్జి మెట్ల కింద నిలబడేది. లాడ్జి ఆమె తండ్రి కట్టించింది. కింద బట్టల కొట్టు, పైన ఆరు గదులు, వాటి వెనక వాళ్ల కాపురం. ఉక్కు ప్లాంటులో పనిచేసే కొడుకునో తమ్ముణ్ణో చూడ్డానికి వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి అదే మకాం. అద్దెకి దిగేవాళ్లే అయినా, గుమ్మంలోకి వచ్చినవాళ్ల కాళ్లకు నీళ్లివ్వకుండా ఉండడం ఆమెకు చేతకాదు. "ఏ ఊరు బాబుగారూ?" అని అడిగి, చెంబు అందించాకే తాళంచెవి ఇచ్చేది.

మెట్లెక్కలేనివాళ్లు వస్తే ఆరో గది కిందికి దిగేది. పక్షవాతం వచ్చిన ముసలాయనకో, పోలియో వచ్చిన పిల్లకో తులసమ్మ చెంబు అందించగానే పైన తలుపు కిర్రుమనేది. టీ బండి బలరాం తన బెంచీ పక్కకు లాక్కునేవాడు. గది మంచంతో, కూజాతో సహా వచ్చి రోడ్డు పక్కన కూర్చునేది. చుట్టం ఉన్నన్నాళ్లూ అక్కడే ఉండి, వెళ్లాక పైకి పోయేది. "ఛే నంబర్ ఉతర్ గయా, దీదీ!" అంటూ, ఆరో నంబరు దిగిందని బలరాం హిందీలో కేకేసేవాడు. అంతకుమించి దాని ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు.

నడవలేనివాళ్లందరికీ దిగిన గది తులసమ్మ మొగుడికి మాత్రం దిగలేదు.

గురునాథరావు మోటార్లకు వైండింగు చుట్టే మెకానిక్కు. గూడ్సు బండి కింద రెండు కాళ్లూ పోయాక నలుగురు కలిసి కుర్చీలో పైకి మోసుకొచ్చారు. బజారంతా చూసింది. మళ్లీ బస్తాలా మొయ్యనివ్వనని ఆ రోజే ఒట్టేసుకున్నాడు, ఇక కిందికి దిగలేదు. చేతుల మీద జరుగుతూ ఆరో గదిలోకి వెళ్లి పొద్దస్తమానం కూర్చునేవాడు. గది కదిలేది కాదు. ఇంటివాడి కోసం అదెందుకు దిగుతుంది?

ఒకనాడు పక్క ఊరు దుర్గ్ నుంచి పాత స్నేహితుడు మురళీధర్ వచ్చాడు. "మోటార్ల కొట్టు పెట్టానురా. కూకుని సేసే పనే కదా. మెట్లు లేవు, పడక కూడా అక్కడే. వచ్చీ," అన్నాడు.

అతను వెళ్లాక గురునాథరావు పెళ్లాం వైపు చూశాడు. "నాకూ నీళ్లివ్వే తులసీ."

ఎప్పటికైనా ఈ మాట వస్తుందని ఆమెకు తెలుసు. చెంబు అందిస్తే గది దిగుతుంది. కానీ చుట్టమన్నాక వెళ్లిపోవాల్సిందే, ఆ గదిలో దిగి ఉండిపోయినవాళ్లు లేరు.

"నువ్వు సుట్టానివేటి మావా? నీకు నానేటి తక్కువ సేసాను?"

"ఏటీ తక్కువ సెయ్యలేదే. ముద్దలు కలిపి నోట్లో ఎట్టావు. నా సేతులు బాగానే ఉన్నాయి కదే."

తులసమ్మ కొన్నాళ్లు మొండికేసింది. అతను గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. ఆరో గదికి వెళ్లడం కూడా మానేశాడు. అది ఆమె చూడలేకపోయింది.

ఒక పొద్దున్న మురళీధర్‌కి కబురు పంపింది. మొగుణ్ణి ఆరో గది గడప దగ్గరికి రమ్మని, చెంబు నింపుకొచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏ ఊరు బాబుగారూ?" అందరినీ అడిగినట్టే అడిగింది.

అతను తలొంచుకున్నాడు. "దుర్గ్ ఎల్లాలమ్మా."

కాళ్లు ఉండాల్సిన చోట నీళ్లు పోసింది. అతను లోపలికి జరిగాడు. తలుపు కిర్రుమంది, కింద బలరాం బెంచీ లాక్కున్నాడు. తులసమ్మ వరండాలో నిలబడి చూస్తుండగా గురునాథరావు కిందికి దిగిన గది గడప దాటి, మురళీధర్ తెచ్చిన రిక్షా చేతుల బలంతో తనే ఎక్కాడు.

పండక్కి రిక్షాలో వచ్చాడు. మనిషి నిండుగా ఉన్నాడు, అరచేతులు కాయలు కాశాయి. తులసమ్మ ఒళ్లు మరిచి, "వచ్చీసావా మావా!" అంటూ పరుగెత్తుకొచ్చి, ఊరు అడక్కుండానే చెంబు చేతిలో పెట్టింది.

గది దిగలేదు. బలరాం బెంచీ లాగి నిలబడ్డాడు. గురునాథరావు రిక్షాలో ఎండకు కూర్చుని, నీళ్లు పారబోసి, ఖాళీ చెంబు ఆమెకు తిరిగిచ్చాడు.

తులసమ్మ లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది. మళ్లీ నీళ్లు నింపుకొచ్చింది.

"ఏ ఊరు బాబుగారూ?"

"దుర్గ్ అమ్మా," అన్నాడు.